చచ్చినవాడు కాళ్ళు సర్దుకున్నాడు!

యుద్ధం బొమ్మ అనగానే మనవాళ్ళకి ఉషారొస్తుంది. పైగా "యాక్షను కాదు, నిజంగా జరుగుతుంటే తీసింది" అన్నారంటే ఇక చెప్పాలా, హాల్లో కుర్చీలు చాలవు. ఈ గిరాకీ ఇవాళ్టిది కాదు, సినిమా పుట్టిన కొత్తల్లోదే.

1898లో క్యూబా దగ్గర అమెరికాకీ స్పెయిన్‌కీ నౌకాయుద్ధం జరిగింది. న్యూయార్కులో వైటాగ్రాఫ్ కంపెనీకి చెందిన బ్లాక్‌టన్, స్మిత్ అనే ఇద్దరు ఘనులు ఓడల ఫోటోలు కత్తిరించి, చెక్కముక్కలకి తగిలించి, నీళ్ళలో తేలేశారట. చిటికెడు తుపాకిమందు పేల్చారట. పొగ కోసం బ్లాక్‌టన్ గారి భార్య సిగరెట్టూ, ఆఫీసు కుర్రాడు చుట్టా కాల్చారట. తరవాత ఈ సంగతి వాళ్ళే గొప్పగా చెప్పుకున్నారు.

చిన్న చిన్న బొమ్మలు దేశదేశాలు తిరిగిన రోజులవి. 1869లో మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడి, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ తెప్పించి, టెంట్లు వేసి, బర్మా, సిలోన్ల దాకా బొమ్మలాడించిందీ ఆ కాలంలోనే. తెరమీద మనిషి కదిలితేనే అద్భుతం. ఏది నిజం, ఏది వేషం అని అడిగేదెవరు?

అడగాల్సిన రోజు 1916లో వచ్చింది. జూలై 1న ఫ్రాన్సులో సోం నది దగ్గర బ్రిటిష్ సైన్యం జర్మన్ల మీదికి దూకింది. ఆ ఒక్కరోజే 19,240 మంది బ్రిటిష్ సైనికులు పోయారు. చేత్తో తిప్పే కెమెరాలతో జెఫ్రీ మాలిన్స్, జె.బి. మెక్‌డోవెల్ తీసిన 'ది బ్యాటిల్ ఆఫ్ ది సోం' ఆగస్టులోనే లండన్‌లో విడుదలైంది. ఆరు వారాల్లో రెండు కోట్ల టిక్కెట్లు తెగాయని అంచనా. చూసినవాళ్ళలో కొడుకుల్ని యుద్ధానికి పంపినవాళ్ళు ఎందరో!

అందులో ఒక ముక్క ఉంది. సైనికులు కందకంలోంచి పైకెక్కుతుంటారు. ఒకడు గుండు తగిలి వెనక్కి జారిపోతాడు. రైడర్ హాగర్డ్ లాంటి పేరున్న నవలాకారుడు కూడా ఆ సీనుకే చలించిపోయాడు. తీరా చూస్తే అది యుద్ధభూమికి వెనకాల, ట్రెయినింగు స్కూల్లో వేయించిన వేషమని పరిశోధకులు తేల్చారు. దాడికి పోయేవాడి వీపున సామాను మూట ఉండాలి గదా, వీళ్ళకి లేదు. పైగా 'చచ్చిపడ్డ' ఒకాయన తీరిగ్గా కాళ్ళు సర్దుకున్నాడు!

"అయితే బొమ్మంతా బోగస్సేనా గురూ?" అంటారు. కాదండీ. హాథార్న్ రిడ్జ్ కింద మందుపాతర పేలడం నిజం. గాయపడ్డవాణ్ణి వీపున మోసుకుంటూ కందకంలో నడిచొచ్చే మనిషీ నిజమే. వేషం ఉన్నది కొద్ది భాగమే. నా కోపం ఆ కొద్ది భాగం మీదే. ఒక్క దొంగ చావు చేరిస్తే, పక్కనున్న నిజం చావుని కూడా జనం నమ్మరు. ప్రాణం పోయినవాడికి అంతకంటే అన్యాయం ఏముంటుంది?

కెమెరా సర్కారు చేతిలో ఉంటే మరీ జాగ్రత్త కావాలి. సోం బొమ్మ సైన్యం అనుమతితో తీసింది. మన దగ్గరా 1943లో ప్రభుత్వం ఒప్పుకున్న యుద్ధం రీళ్ళు ప్రతి హాల్లో వేసి తీరాలని రూలు పెట్టారు. బందరుకీ గుడివాడకీ మినహాయింపేమీ లేదు.

2018లో పీటర్ జాక్సన్ ఆనాటి ఫిల్ముకి రంగులద్ది 'దే షల్ నాట్ గ్రో ఓల్డ్' తీశాడు. ముఖాముఖి పోరాటం దగ్గరికొచ్చేసరికి అసలు ఫిల్ము లేదు. అప్పుడేం చేశాడు? ఆనాటి పత్రికల్లో వేసిన బొమ్మలు చూపించాడు. చూసేవాడికి అది గీసిన బొమ్మేనని తెలుస్తుంది. నాకు నచ్చింది ఆ మర్యాదే.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. సినిమావాళ్ళు ట్యాంకులో నీళ్ళు పోసి తుఫాను సీను తీస్తే తప్పు లేదు, అది సినిమా అని చెప్పే ఆడిస్తారు. అదే ముక్కని "ఆ రోజు నాగాయలంకలో తీసింది" అని వేస్తే? అయినవాళ్ళని పోగొట్టుకున్న వాళ్ళ ముందు ఎవరు నిలబడగలరు?

ఈసారి సెల్‌ఫోన్లో యుద్ధం ముక్క వస్తే, పక్కవాడికి పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: గుండ్లు పడుతుంటే, ఆ కెమెరా అంత నిలకడగా ఎక్కడ నిలబడింది?