ఒప్పంద సాగు: జర్మనీ బీరు కంపెనీ చరిత్రలో చిన్న రైతుకు పనికొచ్చే విషయాలు

జర్మనీలో బీరు అమ్మకాలు తగ్గుతున్నాయి. 2024లో అక్కడ సుమారు 830 కోట్ల లీటర్ల బీరు అమ్ముడైంది. 2025 మొదటి ఆరు నెలల్లో 390 కోట్ల లీటర్లు మాత్రమే అమ్ముడైంది. అంతకుముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే ఇది 6.3 శాతం తక్కువ. 1993 నుంచి లెక్కలు చూస్తే, అర్ధ సంవత్సర అమ్మకాలు 400 కోట్ల లీటర్ల కిందికి రావడం ఇదే మొదటిసారి.

ఆ వార్తతో మనకేం పని అని అడగవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో బార్లీ పెద్దగా పండదు, హాప్స్ అసలే పండవు. తాగుడును మెచ్చుకోవడం కూడా ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే మన దగ్గర విత్తన మొక్కజొన్న, చిన్న కీరదోస (గెర్కిన్), ఆయిల్‌పామ్ వంటి పంటలు వేసే రైతులు ఒక్క కంపెనీనో, ఒక్క ఫ్యాక్టరీనో నమ్ముకొని సాగు చేస్తున్నారు. జర్మనీ బార్లీ రైతుదీ అదే పరిస్థితి. కొనేవాడి సరుకుకు గిరాకీ తగ్గితే ఆ దెబ్బ ముందుగా ఎవరికి తగులుతుంది? తగలకుండా ఏం చేసుకోవచ్చు? అక్కడి ఒక కుటుంబ సంస్థ చరిత్ర చూస్తే ఈ ప్రశ్నలకు కొంత జవాబు దొరుకుతుంది.

గింజ నాణ్యత మీదే అంతా

జర్మనీలో సుమారు 1,500 బీరు తయారీ కేంద్రాలు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం చిన్నవి. ఒక పట్టణానికో, ఒక జిల్లాకో పరిమితమై, తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో నడుస్తున్నవి చాలా ఉన్నాయి.

1516 ఏప్రిల్ 23న బవేరియా పాలకులు ఇంగోల్‌స్టాట్ పట్టణంలో ఒక శాసనం చేశారు. బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వాడరాదన్నది అందులోని నియమం. బీరు ధరకు కూడా అందులోనే పరిమితి పెట్టారు. గోధుమ, రై గింజలు రొట్టెకు మిగలాలన్నది ఆ శాసనానికి ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. తర్వాతి కాలంలో కొన్ని మార్పులు వచ్చినా దాని ప్రభావం నేటికీ ఉంది. చాలా దేశాల్లో ఖర్చు తగ్గించుకోవడానికి బీరులో బియ్యం నూక, మొక్కజొన్న కలుపుతారు. జర్మనీ మార్కెట్‌కు చేసే బీరులో అలా కలపడానికి వీల్లేదు. అందుకే అక్కడి కంపెనీకి మంచి బార్లీ తప్పనిసరి.

మంచి బార్లీ అంటే ఏమిటో కూడా చూడాలి. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. మొలక శాతం 95కు పైగా ఉండాలి. మాంసకృత్తులు సుమారు 9.5 నుంచి 11.5 శాతం మధ్య ఉండాలి. 2.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద దాదాపు 90 శాతం గింజ నిలవాలి. ఆలస్యంగా నత్రజని వేస్తే మాంసకృత్తులు పెరిగిపోతాయి. కోతకు ముందు వానలు పడితే గింజ కంకిలోనే మొలకెత్తుతుంది. ఈ పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా అది మాల్ట్‌కు పనికిరాదు, పశువుల దాణాగా తక్కువ ధరకు పోతుంది. అంటే పంట పండినా ఆదాయం పండుతుందన్న నమ్మకం లేదు.

ఎర్న్‌స్పెర్గర్ కుటుంబం కథ

బవేరియాలో న్యూరెంబర్గ్ నగరానికి దగ్గర్లో నోయ్‌మార్క్ట్ అనే పట్టణం ఉంది. అక్కడి లామ్స్‌బ్రాయ్ బీరు కేంద్రం పేరు 1628 నాటి పత్రాల్లో కనిపిస్తుంది. 1800 నుంచి అది ఎర్న్‌స్పెర్గర్ కుటుంబం చేతిలో ఉంది. చాలా కాలం అది కూడా చుట్టుపక్కల ఊళ్లకు బీరు పోసే మామూలు కేంద్రమే.

1970లలో ఫ్రాంజ్ ఎర్న్‌స్పెర్గర్ బాధ్యత తీసుకున్నాక దారి మారింది. అప్పటికి యూరప్ పొలాల్లో రసాయన ఎరువులు, పురుగుమందుల వాడకం బాగా పెరిగింది. పెద్ద కంపెనీలు ధర తగ్గించి చిన్నవాటిని మార్కెట్ నుంచి నెట్టేస్తున్నాయి. ధరలో వాటితో పోటీ పడి గెలవడం చిన్న కుటుంబ సంస్థకు సాధ్యం కాదు. సరుకు నాణ్యతలోనే తేడా చూపించాలనీ, ఆ తేడా పొలంలోనే మొదలు కావాలనీ ఆయన నిర్ణయించారు. 1980లలో సేంద్రియ బీరు మొదలైంది. 1990ల నడిమికి మొత్తం బీరు సేంద్రియమైంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. సేంద్రియ బార్లీ, సేంద్రియ హాప్స్ అప్పట్లో మార్కెట్‌లో కావలసినంత దొరికేవి కావు. పక్క ఊళ్ల రైతులను ఒప్పించాలి. కానీ యూరప్ నిబంధనల ప్రకారం ఏక వార్షిక పంటల భూమి సేంద్రియంలోకి మారడానికి రెండేళ్లు పడుతుంది. బహు వార్షిక పంటలకైతే మూడేళ్లు. మన దేశంలోని సేంద్రియ ధ్రువీకరణలోనూ దాదాపు ఇదే గడువు. ఆ మధ్య కాలంలో దిగుబడి తగ్గుతుంది, పూర్తి సేంద్రియ ధర రాదు. చేతిలో కాగితం లేకుండా ఏ రైతు ఆ నష్టం మీద వేసుకుంటాడు?

రైతులకు ఏం మాట ఇచ్చారు?

1980ల చివర్లో బీరు ముడిసరుకు పండించే సేంద్రియ రైతులు ఒక ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడ్డారు. ఇప్పుడు అందులో వందకు పైగా కుటుంబాలు ఉన్నాయి. కంపెనీ ఒక్కో రైతును విడిగా పిలిచి ధర తేల్చదు, సంఘంతో మాట్లాడుతుంది. ఒప్పందం ఒక్క సీజన్‌కు పరిమితం కాదు, కొన్నేళ్ల పాటు నడుస్తుంది. ధర మామూలు బార్లీ కంటే ఎక్కువగా ఉంటుంది.

బార్లీని మాల్ట్‌గా మార్చే పని కూడా కంపెనీ సొంతంగానే చేసుకుంటుంది. చాలా బీరు కంపెనీలు మాల్ట్‌ను బయట కొంటాయి. అలాంటి చోట రైతుకూ బీరు కంపెనీకీ మధ్య వ్యాపారి, మాల్ట్ ఫ్యాక్టరీ ఉంటాయి. ఎవరి గింజ ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఇక్కడ మధ్యలో దూరం తక్కువ. గింజలో లోపం వస్తే ఎందుకొచ్చిందో రైతుతో నేరుగా మాట్లాడే వీలుంది.

సాగు వైపు చూస్తే, యూరియా లేని పొలంలో నత్రజని కోసం క్లోవర్ వంటి పప్పుజాతి పశుగ్రాసాన్ని పంట మార్పిడిలో పెడతారు. తర్వాత ధాన్యం పంటలు వేస్తారు. దిగుబడి రసాయన సాగు కంటే తక్కువే. కానీ మాల్ట్ బార్లీకి మాంసకృత్తులు మితంగా ఉండడమే కావాలి కాబట్టి, నత్రజని తక్కువగా అందే సాగు ఈ పంటకు అంత అడ్డు కాదు. కొనేవాడికి కావలసిన గుణం, సాగు పద్ధతి ఇచ్చే గుణం ఒకటి కావడం ఈ ఏర్పాటు నిలబడడానికి ఒక ముఖ్య కారణం.

నీళ్ల మీద వచ్చిన కేసు

బీరు ఒక్కదాని మీదే ఆధారపడితే ప్రమాదమని ఈ కుటుంబం గుర్తించింది. సేంద్రియ శీతల పానీయాలు, ఆల్కహాల్ లేని బీరు, మినరల్ వాటర్ తెచ్చింది. నీటి సీసా మీద సేంద్రియం అన్న అర్థం వచ్చే ‘బయో’ పేరు పెట్టినందుకు కేసు పడింది. నీళ్లకు సేంద్రియం ఏమిటన్నది అవతలివారి వాదన. 2012 సెప్టెంబరులో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం కంపెనీకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

దీని వెనుక రైతు సంగతే ఉంది. పొలంలో ఎక్కువైన నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భ జలంలోకి దిగుతుంది. యూరప్‌లో తాగునీటిలో నైట్రేట్ పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు, మన దేశంలో 45. నైట్రేట్ కాలుష్యాన్ని అదుపు చేయలేదని 2018లో యూరప్ న్యాయస్థానం జర్మనీ ప్రభుత్వాన్నే తప్పుపట్టింది. రసాయన ఎరువు పడని పొలం కింద నీరు శుభ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ శుభ్రతకు సీసా మీద ధర వస్తుంది. రైతు చేసిన మేలుకు మార్కెట్‌లో విలువ కట్టే దారి దొరికిందన్నమాట.

ఇప్పుడు అసలు పరీక్ష

ఇంత చేసినా ఈ సంస్థకు గానీ, దాని రైతులకు గానీ ఏ ఇబ్బందీ లేదని చెప్పలేం. జర్మనీలో వయసు పైబడినవారు పెరుగుతున్నారు. యువత తాగడం తగ్గిస్తోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత గ్యాస్, కరెంటు, గాజు ఖర్చులు పెరిగాయి. అక్కడ ఖాళీ బీరు సీసా తిరిగి ఇస్తే 8 సెంట్లు వెనక్కి వస్తాయి. కొత్త సీసా కొనాలంటే కంపెనీకి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇలాంటి ఖర్చులు పెద్ద కంపెనీ కంటే చిన్న కుటుంబ కేంద్రానికే ఎక్కువ భారం. కొన్ని మూతపడ్డాయి, కొన్ని పెద్దవాటి చేతిలోకి పోయాయి. అదే 2022లో ధరలు పెరిగి ప్రజలు ఖర్చు తగ్గించుకోవడంతో సేంద్రియ ఆహారం అమ్మకాలు కూడా తగ్గాయి. మరుసటి ఏడాది మళ్లీ కోలుకున్నాయి.

హాప్స్ రైతులకు కష్టం ఇంకా ఎక్కువ. హాప్స్ తీగ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కాస్తుంది. సుమారు ఏడు మీటర్ల ఎత్తు స్తంభాలు, తీగలు కట్టాలి. బవేరియాలోని హాలెర్టావ్ ప్రాంతం ప్రపంచంలోనే పెద్ద హాప్స్ ప్రాంతం. ముందస్తు ఒప్పందం ఉన్న రైతుకు రాసుకున్న ధర వస్తుంది. ఒప్పందం లేని సరుకుకు ధర పడిపోయి, కొందరు తోటలు తీసేస్తున్నారు. బార్లీ రైతు వచ్చే ఏడాది వేరే పంట వేసుకోగలడు. పందిళ్లు వేసిన రైతుకు ఆ వెసులుబాటు లేదు. మన ఆయిల్‌పామ్ రైతు ఈ తేడాను బాగా అర్థం చేసుకోగలడు.

మరోవైపు జర్మనీలో ఆల్కహాల్ లేని బీరు ఉత్పత్తి పదేళ్లలో రెట్టింపుకు మించింది. పైన చెప్పిన అమ్మకాల లెక్కలో అది కలవదు. దానికీ బార్లీ, హాప్స్ కావాలి. కొత్త సరుకు వైపు ముందే అడుగు వేసిన కంపెనీకి పంట అమ్మే రైతుకు కొంత ఊపిరి ఉంటుంది.

మన అనుభవం

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన మండలంలో రైతులు ఒక కంపెనీకి చిన్న కీరదోస వేశారు. ఆ పంటలో కాయ ఎంత చిన్నదైతే అంత ధర. ఒక్క రోజు కోత ఆలస్యమైతే కాయ పెద్దదై కింది గ్రేడుకు పోతుంది. మొదటి రెండు పంటలు బాగా నడిచాయి. మూడో పంట కోతల మధ్యలో బయటి దేశం నుంచి ఆర్డరు తగ్గిందని లారీ రావడం ఆగిపోయింది. రైతులు నా దగ్గరికి కాగితం తెచ్చారు. అది ఇంగ్లిషులో ఉంది. గిరాకీని బట్టి కొనుగోలు తగ్గించుకునే హక్కు కంపెనీకి ఉందని అందులో ఒక వాక్యం ఉంది. సంతకం పెట్టేటప్పుడు దాన్ని ఎవరూ చదవలేదు. నేనూ ముందుగా అడిగి చూడలేదు. కాయలు పశువులకు పోయాయి.

కాగితం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. గిరాకీ తగ్గినప్పుడు నష్టం ఎవరిదో రాసిన తీరులోనే తేడా.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

- ఒప్పందం తెలుగులో అడగాలి. చదివించుకొని, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోవాలి. నోటిమాటకు విలువ లేదు.
- కంపెనీ కొనక తప్పని పరిమాణం ఎంతో రాయించాలి. ‘గిరాకీని బట్టి’, ‘కంపెనీ నిర్ణయం మేరకు’ అన్న మాటలుంటే అక్కడే ఆగి అడగాలి.
- నాణ్యత కొలతలు అంకెల్లో ఉండాలి. తేమ, సైజు, మొలక శాతం ఎవరు, ఎక్కడ, రైతు ముందే కొలుస్తారా అన్నది తేలాలి. సరుకు తిరస్కరిస్తే రెండోసారి పరీక్ష అడిగే హక్కు ఉండాలి.
- కింది గ్రేడు సరుకుకు ధర ఎంతో కూడా రాయించాలి. జర్మనీ రైతుకు మిగిలిన బార్లీ దాణాకైనా పోతుంది. మీ సరుకును ఆ కంపెనీ కాకపోతే ఇంకెవరు కొంటారో ముందే తెలుసుకోవాలి.
- పందిళ్లు, బహు వార్షిక తోటలు, సేంద్రియానికి మారడం వంటి దీర్ఘకాలపు పెట్టుబడికి ఒక్క సీజన్ ఒప్పందం చాలదు. పెట్టుబడి తిరిగొచ్చే కాలమంతా ఒప్పందం ఉండాలి.
- ఒంటరిగా వెళ్లవద్దు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా బేరం చేస్తే మాటకు బరువు ఉంటుంది.
- కంపెనీ తయారుచేసే సరుకుకు బయట గిరాకీ పెరుగుతోందా, తగ్గుతోందా, ఆ ఒక్కటే అమ్ముతోందా అని వాకబు చేయాలి.
- ఒకే కొనుగోలుదారు ఉన్న పంటకు మొత్తం పొలం ఇవ్వవద్దు. ఇంటి గ్రాసానికి, తిండికి సరిపడా భూమి పక్కన పెట్టి మిగిలినదాంట్లోనే వేయాలి.

నోయ్‌మార్క్ట్ కంపెనీ తన బీరు అమ్ముకోవడానికే రైతులతో నిలకడైన ఒప్పందం పెట్టుకుంది. అది దానం కాదు, వారి వ్యాపార అవసరం. కొనేవాడికి మన పంట తప్పనిసరి అయినప్పుడే మన షరతు చెల్లుతుంది. అలాంటి నాణ్యత పండించడం, సంఘంగా నిలబడడం, కాగితం చదవడం మన చేతిలో ఉన్న పనులు. ఈ సీజన్‌లో ఏదైనా కంపెనీ ఒప్పందంతో మీ ఊరికి వస్తే, సంతకం పెట్టకముందే ఆ కాగితాన్ని మీ మండల వ్యవసాయ లేదా ఉద్యాన అధికారికి చూపించండి.