ఎం-బుక్ మా గల్లీలో చదవండి
లక్సెట్టిపేట పట్టణ ప్రజలకు ఒక విజ్ఞప్తి



ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను కొన్నేళ్ళు వేరే జిల్లాలో చిన్నచిన్న కాంట్రాక్టు పనులు చేసినవాణ్ణి. సీసీ రోడ్లు, మోరీలు, కల్వర్టులు. అందుకే ఇందులో నీతులు తక్కువ, లెక్కలు ఎక్కువ.

వంద మీటర్ల పొడుగు గల్లీ అనుకోండి. నాలుగు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం. అరవై ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. మందం పన్నెండుకు దిగితే నలభై ఎనిమిదితో పని అయిపోతుంది. మిగిలిన పన్నెండు ఘనపు మీటర్లలో, ఒక్కోదానికి ఎనిమిది బస్తాల చొప్పున, తొంభై ఆరు బస్తాల సిమెంటు ఉంటుంది. కంకర, ఇసుక, కూలి వేరే. మూడు సెంటీమీటర్లంటే రెండు వేళ్ళ మందం కూడా సరిగ్గా ఉండదు. అంచుల్లో పలకలు పెట్టిన చోట మందం పూర్తిగా కనిపిస్తుంది. నడుమ మట్టిని కాస్త ఎత్తుగా వదిలేస్తే పైనుంచి చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? నేను పని చేసిన ఒక ఊళ్ళో (పేరెందుకు లెండి) ఇట్లా జరగడం చూశాను. చూసి ఊరుకున్నాను కూడా.

ఇదంతా దొంగబుద్ధి వల్లే జరుగుతుందని అనుకోకండి. టెండర్‌లో పని దక్కాలంటే 'లెస్' వేయాలి. అంచనా మీద ఇరవై, ఇరవై ఐదు శాతం తగ్గించి పని పట్టుకున్నవాడు వడ్డీకి డబ్బు తెచ్చి రోడ్డు పోస్తాడు. బిల్లు ఎప్పుడొస్తుందో వాడికీ తెలియదు. ఆర్నెల్లు, ఏడాది తిరిగాక వడ్డీ పెరిగి, చేతిలో మిగిలేది ఏమీ లేక, వచ్చే పనిలో మందం తగ్గిస్తాడు. నిజాయితీగా చేసేవాడు ఒకటి రెండు దెబ్బలు తిని టెండర్ వేయడమే మానుకుంటాడు. తక్కువకే ఇచ్చాం, ఖజానాకు లాభం అని కాగితం మీద రాసుకున్న ఆ ఇరవై శాతం రెండు వానాకాలాలు తిరిగేసరికి గుంతల్లో తేలుతుంది.

కంప్యూటర్లు వచ్చాయి కదా అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక మేలు జరిగిన మాట నిజమే. టెండర్ పెట్టె దగ్గర మనుషుల్ని నిలబెట్టి అడ్డుకునే రోజులు పోయాయి. కానీ ఆ తెర మీద కనిపించేది ధర. రోడ్డు మందం అక్కడ కనిపించదు. దాన్ని చూడాల్సింది ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళు.

మన దగ్గర అలా చూసే అలవాటు లేకపోలేదు. 2006లో ఉపాధి హామీ తొలి విడతగా ఉమ్మడి రాష్ట్రంలో పదమూడు జిల్లాలకు వస్తే, అందులో ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. ఆ వెంటే సామాజిక తనిఖీ వచ్చింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పని జరిగిన చోటికి పోయి కొలిచి, చివరికి మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవారు. ఆ వారం నేను పనికే పోలేదు, నా పేరు మీద పైసలు ఎవరు తీసుకున్నరు అని చదువురాని కూలీ కూడా లేచి అడిగే వీలు దానివల్ల కలిగింది. దేశమంతా ఆ పద్ధతిని చూసి నేర్చుకుంది.

2018 ఆగస్టులో మన పంచాయతీ మున్సిపాలిటీ అయింది. పట్నం అయ్యాం, సంతోషమే. 1905లో కరీంనగర్ వైపు నుంచి ఆదిలాబాద్‌లోకి మారిన నాటికే తాలూకా కేంద్రంగా ఉన్న ఊరికి ఆ హోదా ఎప్పుడో రావాల్సింది. కాకపోతే పంచాయతీ బోర్డుతో పాటు గ్రామసభ కూడా పోయింది, ఉపాధి హామీ తనిఖీ కూడా పోయింది. వాటి స్థానంలో 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది: యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. కమిటీకి పదిహేను మంది. మన పదిహేను వార్డులకు లెక్క వేస్తే తొమ్మిది వందల మంది అవుతారు. ఆ తొమ్మిది వందల్లో మీ పేరు ఉందేమో కనుక్కోండి. మీకే తెలియకుండా ఉండి ఉండవచ్చు!

మున్సిపాలిటీని నేను కోరేది ప్రధానంగా ఒక్కటే. ఏ గల్లీలో పని జరిగినా, ఫైనల్ బిల్లు పాస్ చేసేముందు ఎం-బుక్ ఆ గల్లీకే తెచ్చి చదవాలి. ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. జరిగిన పని పొడుగు, వెడల్పు, మందం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అందులో రాస్తారు, పై ఇంజనీరు సరిచూస్తారు, దాన్ని బట్టే బిల్లు అవుతుంది. అది ఆఫీసు బీరువా దాటి వార్డు కమిటీ ముందుకు రావాలి. నాలుగు చోట్ల కొలిచి, సరిపోయిందని కమిటీ సంతకం పెట్టాలి. ఒక సాయంత్రం పని. అసలైతే కాంక్రీటు పోసే రోజున, మట్టి చదును చేశాక, పలకల మీద అడ్డంగా దారం లాగి కిందికి కొలిస్తే ఇంకా మేలు. పోశాక నడుమ మందం తెలియాలంటే రంధ్రం కొట్టాల్సి వస్తుంది.

దానికి బదులుగా కాంట్రాక్టర్లకు కూడా ఒక న్యాయం జరగాలి. సంతకం పడిన బిల్లులు తేదీల వరుసన నోటీసు బోర్డు మీద పెట్టి, ఆ వరుసలోనే చెల్లించాలి. ఎవరి బిల్లు ఎవర్ని దాటిపోయిందో ఊరంతా చూడాలి. ఇది కుదిరితే 'లెస్' పిచ్చి దానంతటదే తగ్గుతుందని నా నమ్మకం.

మున్సిపాలిటీ కొనుగోళ్ళ గురించి కూడా ఒక్క మాట. బ్లీచింగ్ పౌడర్, వీధి దీపాలు, కార్మికుల చేతి తొడుగులు మనం కొంచెం కొంచెంగా కొంటున్నంత కాలం చిల్లర ధరే పడుతుంది. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ దేశం మొత్తానికి కలిపి కొంటే, 2014లో 310 రూపాయలకు కొన్న ఎల్‌ఈడీ బల్బు 2016కల్లా 38 రూపాయలకు దిగింది. మనం దేశం కాకపోవచ్చు. బెల్లంపల్లి, మందమర్రి, క్యాతనపల్లి, చెన్నూరుతో కలిసి ఏడాదికోసారి ఒకే టెండర్ పిలవడానికి అడ్డేమిటి?

ఇక మన వంతు. ఏప్రిల్ నెలాఖరులోపు ఆ ఏడాది ఇంటిపన్ను కడితే ఐదు శాతం తగ్గింపు ఉంటుంది, కట్టండి. పన్ను బాకీ ఉన్నవాడు ఎం-బుక్ అడిగితే ఎదుటివాళ్ళకు మంచి జవాబు దొరుకుతుంది. గొడవకు పోకండి. ఏఈ మన శత్రువు కాదు. ఒక్కరే పోకుండా గల్లీ నుంచి నలుగురు కలిసి పోండి, అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. మోరీ పొంగితే ముందు తెలిసేది వాళ్ళకే.

అడిగినా ఎం-బుక్ చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మున్సిపాలిటీలో ఫీజు పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. కాగితాల నకళ్ళే కాదు, పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన సామాన్ల నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. దరఖాస్తుకు వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద మూడు వాక్యాలు చాలు: "మా గల్లీ సీసీ రోడ్డు పని అంచనా, ఒప్పందం, ఎం-బుక్ పేజీల నకళ్ళు ఇవ్వగలరు. పని చెడితే కాంట్రాక్టరు బాగు చేయాల్సిన గడువు ఏ తేదీ వరకు ఉందో తెలుపగలరు. పనిని కొలిచి చూసుకోవడానికి ఒక రోజు, సమయం చెప్పగలరు." కింద గల్లీ పేరు, వార్డు నంబరు, సంతకాలు.