గోల్ కొట్టే కాళ్లున్నాయి, ఆడే క్లబ్బేదీ?

ఐరోపా ఛాంపియన్స్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ ఎవరివని అడిగితే ఫుట్‌బాల్ చూసే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాడు తడుముకోడు. 140 గోల్స్‌తో క్రిస్టియానో రొనాల్డో, 129తో లియొనెల్ మెస్సీ. ఆసియా క్లబ్బుల పోటీల్లో గోల్స్ కొట్టిన తెలుగువారెవరని అడిగితే మాత్రం నోరు మెదపడు. తప్పు వాడిది కాదు. మనకు ఆటగాళ్లు లేకపోవడమూ కారణం కాదు. ఇలాంటి పట్టికలో పేరు ఎక్కాలంటే కాళ్లలో సత్తా ఒక్కటే చాలదు. ఆడటానికి పోటీ ఉండాలి, అందులోకి తీసుకెళ్లే క్లబ్బు ఉండాలి.

పట్టిక చెప్పేది, దాచేది

రొనాల్డో 140 గోల్స్ వెనుక 183 మ్యాచ్‌లున్నాయి. జర్మనీ ఆటగాడు గెర్డ్ ముల్లర్ 35 మ్యాచ్‌ల్లోనే 34 కొట్టాడు. రియల్ మాడ్రిడ్ పాతతరం ఆటగాడు డి స్టెఫానో 58 మ్యాచ్‌ల్లో 49 చేశాడు. మ్యాచ్‌కు సగటు చూస్తే పాతవాళ్లే ముందుంటారు. 1955లో మొదలైన యూరోపియన్ కప్‌లో ప్రధానంగా ఆయా దేశాల ఛాంపియన్లే ఆడేవారు. ఓడిన జట్టు ఇంటిదారి పట్టేది. 1992 తర్వాత పోటీ పేరు మారింది, గ్రూపు మ్యాచ్‌లు పెరిగాయి, పెద్ద దేశాల నుంచి నాలుగేసి క్లబ్బులు రావడం మొదలైంది. ఒక్క సీజన్‌లోనే పదికి పైగా మ్యాచ్‌లు ఆడే వీలు కలిగింది. 2013-14లో రొనాల్డో ఒక్క సీజన్‌లో 17 గోల్స్ కొట్టింది ఈ కొత్త పద్ధతిలోనే.

మన దేశం నుంచి ఇలాంటి పట్టికలో అగ్రస్థానం దక్కినవాడు భైచుంగ్ భూటియా. 2003లో జకార్తాలో జరిగిన ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్‌లో కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ తరఫున 9 గోల్స్ కొట్టాడు. అందులో ఆరు ఫిలిప్పీన్స్ ఆర్మీ జట్టుపై ఒకే మ్యాచ్‌లో వచ్చినవి. అంతమాత్రాన తీసిపారేయడానికి లేదు. థాయ్‌లాండ్ క్లబ్బు బీఈసీ టెరో ససానాను 3-1తో ఓడించిన ఫైనల్లోనూ అతనిదొక గోల్ ఉంది. ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్‌లో 2016లో 16 గోల్స్ చేసిన ఇరాక్ ఆటగాడు హమ్మాది అహ్మద్ సంగతీ ఇంతే. ఫైనల్లో బెంగళూరు ఎఫ్‌సీని ఓడించిన ఏకైక గోల్ అతనిదే. జట్టు చివరిదాకా నిలిస్తేనే ఫార్వర్డ్ లెక్క పెరుగుతుంది.

జట్టున్నప్పుడు పోటీ లేదు

ఈ కొలతతో తెలుగు నేలను చూస్తే అసలు విషయం తేలుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీమే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆసియాలో క్లబ్బుల ఛాంపియన్‌షిప్ మొదలైంది మాత్రం 1967లో. అప్పటికి రహీం కన్నుమూసి నాలుగేళ్లు.

పోటీ వచ్చాక జట్టు కరువైంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అంతకుముందే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, అక్కడే వందకు పైగా గోల్స్ కొట్టాడు. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ ఆశ రేపింది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టైటిల్ గెలిచింది. ఆ జట్టులోని నైజీరియా ఆటగాడు ఓగ్బెచె 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఏఎఫ్‌సీ కప్ బెర్తు కోసం 2023 మేలో కోజికోడ్‌లో ఆడిన మ్యాచ్‌లో మాత్రం హైదరాబాద్ 1-3తో మోహన్ బగాన్ చేతిలో ఓడింది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్‌కు ఆడింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. ఆ క్లబ్బు 2025లో మహిళల ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టింది. తెలుగు అమ్మాయికి ఆసియా తలుపు తెరిచింది కోల్‌కతా క్లబ్బు.

మూలపేట ఏం చేయొచ్చు?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. క్లబ్బుల చరిత్రలో పోర్టులకూ చోటుంది. బ్యాంకాక్‌లోని పోర్ట్ ఎఫ్‌సీ 1967లో థాయ్ పోర్టు అథారిటీ జట్టుగా పుట్టింది. 2010లో ఏఎఫ్‌సీ కప్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. 2024-25లో ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్-2లో చివరి 16 జట్లలో నిలిచింది. గోవాలో గనులు, ఓడల వ్యాపారం చేసిన డెంపో సంస్థ క్లబ్బు 2008 ఏఎఫ్‌సీ కప్‌లో సెమీస్ దాకా వెళ్లింది. హైదరాబాద్‌లో పోలీసు శాఖ చేసిన పనే ఇదీ: ఉద్యోగం, మైదానం, కోచ్ ఒకే చోట సమకూర్చడం.

కిడ్నీ జబ్బుతో కుమిలిపోతున్న ఉద్దానంలో ఇప్పుడు ఫుట్‌బాల్ ఏమిటని అడిగేవారుంటారు. మంచినీళ్లు, వైద్యం, మత్స్యకారుల ఉపాధి ముందు రావాల్సినవే. ఒక మైదానం, ఒక కోచ్ వాటికి పోటీ కాదు. ఈ జిల్లాకు అనుభవమూ ఉంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న శిక్షణతో మొదలైన దారే వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లేశ్వరిని 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం దాకా తీసుకెళ్లింది.

ఆసియా పోటీల్లో ఆడే క్లబ్బుకు లైసెన్సు కావాలి. యువ జట్లను నడపడం అందులో ఒక షరతు. కాబట్టి పని కింది నుంచే మొదలవ్వాలి. పలాస, టెక్కలి, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు బడుల మధ్య బాలబాలికలకు ఏటా ఆగకుండా సాగే లీగ్ పెట్టాలి. దాని ఖర్చు, ఒక కోచ్ జీతం పోర్టు సామాజిక బాధ్యత నిధుల్లో ఒక పద్దుగా రాయించాలి. పదేళ్లు అది నిలిస్తే తెలుగు ఫార్వర్డ్ సొంత క్లబ్బు కోసం కోల్‌కతా వైపో, గోవా వైపో చూడక్కర్లేదు.