కాకతాళీయమా, కారణమా?

టీకా వేయించుకున్న పదిరోజులకు కళ్ళు పచ్చబడితే, ఆ పాపం టీకాదేనని తీర్పు చెప్పేవారు ఒకవైపు. ఆ అనుమానం వెలిబుచ్చినవాడే విజ్ఞానద్రోహి అని కసిరేవారు మరొకవైపు. ఈ ఇరుపక్షాల మీదా నా అభియోగం ఒక్కటే: సాక్ష్యం చూడరు.

మొదటివారికి కాకతాళీయ న్యాయం గుర్తుచేస్తాను. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందని అంతమాత్రాన తేలదు. కోట్లమందికి టీకా వేసినప్పుడు, ఎటూ రావలసిన జబ్బు కొందరికి ఆ నెలలోనే వస్తుంది. 2022లో బ్రిటన్‌లో పసిపిల్లలకు అంతుచిక్కని కాలేయశోథ వచ్చినప్పుడు కోవిడ్ టీకాను నిందించారు. ఆ పిల్లలలో అత్యధికులు అయిదేళ్ళలోపువారు, టీకా ఎరుగనివారు! వారిలో చాలామందిలో ఏఏవీ-2 అనే వైరస్ జాడలు ఉన్నట్లు 2023లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి.

రెండవవారు చరిత్ర తిరగవేయాలి. 1883లో జర్మనీలోని బ్రెమెన్ ఓడల కర్మాగారంలో, మనుషుల నుంచి తీసిన రసితో 1,289 మందికి మశూచి టీకా వేస్తే 191 మందికి కామెర్లు వచ్చాయి. వేరే రసితో వేయించుకున్నవారికి రాలేదు. 1942లో అమెరికా సైనికులకిచ్చిన ఎల్లో ఫీవర్ టీకాలో మానవ సీరం కలిపారు. సుమారు 50,000 మంది కామెర్లతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ సీరంలో దాగినది హెపటైటిస్-బి అని, మాజీ సైనికుల రక్తపరీక్షల ఆధారంగా 1987లో నిర్ధారించారు. టీకాతోనే వచ్చిన వ్యాధి అది. కాని దోషం అందులో కలిపిన సీరానిది. పోల్చి చూడనిదే ఈ భేదం తేలేదా?

ఇక కోవిడ్ టీకా సంగతి. 2021 నుంచి వైద్యపత్రికలకెక్కిన కాలేయశోథ కేసులు అనేకం. వాటిలో చాలావాటికి కాలసామీప్యం తప్ప వేరే ఆధారం లేదు. అయితే కొందరిలో, తగ్గిన వాపు తరువాతి డోసుతో తిరగబెట్టింది. ఒక రోగి కాలేయంలో, టీకా లక్ష్యమైన స్పైక్ ప్రోటీన్‌ను గుర్తించే టి-కణాలను జర్మన్ వైద్యులు 2022లో చూపించారు. ఇది కాకతాళీయమని కొట్టివేయదగినది కాదు. అరుదైనదే, చాలామంది కోలుకున్నారు కూడా; కాని అరుదు వేరు, అబద్ధం వేరు.

ఈ వాదం పండితుల కాలక్షేపం కాదు. వైరస్‌లను, వాడుతున్న మందులను, మద్యాన్ని, నాటు పసరులను విచారించక టీకాను నిందిస్తే అసలు రోగం ముదురుతుంది. టీకాను అసలు అనుమానించకపోతే అదే డోసు మళ్ళీ వేసి రోగిని ఆపదలోకి నెడతాము.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. కళ్ళు మూసుకున్నవాడికి ఏ రంగూ కనిపించదు. వైద్యుడు వీరిద్దరిలో ఎవరూ కారాదు. మరి మనమో?