తమ్ముణ్ని ఒక్కరోజు మీ కాలేజీకి తీసుకెళ్లండి

సాయంత్రం బెంజ్ సర్కిల్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. హోర్డింగుల నిండా ర్యాంకులే. టెన్త్ చదివే మీ తమ్ముడికి, ఇంటర్ చదివే మీ చెల్లికి కాలేజీ గురించి తెలిసింది చాలావరకు అంతే. మిగతాది ఇంటికొచ్చిన పీఆర్వో చెబుతాడు. నాలుగేళ్ల చదువు, లక్షల ఫీజు. ఇంత పెద్ద నిర్ణయం ఫొటోలు చూసి తీసుకోవాలా?

అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఏటా ఫ్యామిలీ వీకెండ్ పెడతాయి. అమ్మానాన్నలతో పాటు తమ్ముళ్లూ చెల్లెళ్లూ వచ్చి క్యాంపస్ చూసి వెళ్తారు. మన దగ్గర పేరెంట్స్ మీటింగ్ అంటే మార్కుల పంచాయితీ. తోబుట్టువులు వస్తే గిస్తే ఫెస్ట్‌కే వస్తారు. ఆ రోజు కనిపించేది డీజే, లైట్లు. అసలు కాలేజీ కాదు.

నేను ఫైనలియర్‌లో ఉండగా, ఇంటర్ చదివే మా చెల్లి ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చింది. బెంజ్ సర్కిల్‌లో దింపుకొని మామూలు క్లాసులు జరిగే రోజునే కాలేజీకి తీసుకెళ్లా. క్యాంటీన్‌లో సమోసా తింటూ, "అన్నయ్యా, నీ ప్రాజెక్ట్ ఏంటి?" అంది. చెప్పా. అర్థం కాలేదంది. మళ్లీ చెప్పా. "అంటే నీకూ సరిగ్గా తెలీదా?" అనేసింది. నవ్వేశా గానీ గుచ్చుకుంది. ఒకడు చేస్తే మిగతా ముగ్గురం పేర్లు పెట్టుకున్న ప్రాజెక్ట్ అది! ఆ రాత్రే కూర్చుని కోడ్ మొత్తం చదవడం మొదలుపెట్టా. రెండు వారాల తర్వాత ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. గట్టెక్కా.

కాబట్టి ఇది తమ్ముడి కోసం చేసే త్యాగమేం కాదు. పదహారేళ్ల పిల్లకి అర్థమయ్యేలా మీ చదువు గురించి చెప్పగలిగితే ఇంటర్వ్యూకి సగం రెడీ అయినట్టే.

తీసుకెళ్లే ముందు హెచ్‌వోడీ దగ్గర పర్మిషన్ తీసుకోండి. ల్యాబ్, లైబ్రరీ చూపించండి. వేరే బ్రాంచ్ సీనియర్లు ఇద్దరిని పరిచయం చేసి, మీరు పక్కకి తప్పుకోండి. మీరుంటే అడగలేనివి వాళ్లని అడుగుతారు. ప్లేస్‌మెంట్ల మాట వస్తే హయ్యెస్ట్ ప్యాకేజీ వదిలేసి, ఎంతమందిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో, ఎలాంటి పనిలో చేరారో చెప్పండి. మీ కాలేజీలో బాగోలేనివి కూడా దాచకండి.

టెన్త్ పిల్లలైతే ఇంటర్ ఒక్కటే దారి కాదనీ చెప్పాలి. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో టెన్త్ తర్వాత ఆరేళ్ల కోర్సు ఉంది. ఇంటర్ పిల్లలైతే ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో వరుస ఎంత ముఖ్యమో చెప్పండి. ఇష్టమైనదే పైన పెట్టాలి. కింద పెడితే, పైనున్నదాంట్లో సీటు వచ్చాక దాని వంతే రాదు.

మనలో చాలామందికి ఇవన్నీ చెప్పే అన్నలూ అక్కలూ లేరు. మన ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మనమే మొదలు. మీ తమ్ముడికి, చెల్లికి మాత్రం మీరున్నారు. ఈ నెలలో ఒక్కరోజు చూసుకుని బస్సెక్కించి రమ్మనండి.