పరదా వెనక హుకుం, హిసాబ్ ఎవరిది?

అమ్మీ బిర్యానీ డేగిసాను దమ్ మీద పెట్టి నమాజుకు వెళ్లే ముందు ఆపాను పిలిచి మూడు మాటలు చెప్పేది. ఎంతసేపటికి దించాలి, మాడు వాసన వస్తే ఏం చేయాలి, తను రావడం ఆలస్యమైతే ఎవరిని పిలవాలి. మూత తీయడానికి లేదు, పొయ్యిని వదిలేయడానికీ లేదు. అందుకే ఆ మూడు మాటలు.

పోయిన వారం మా భాంజా ఒక దస్తావేజు పంపాడు. “మామూ, రోజూ అందరి కాపీలూ దిద్దుతారు కదా, ఇది కూడా ఒకసారి చూడండి” అన్నాడు. ఏఐ ఏజెంట్ల కోసం వాళ్లు తయారుచేసిన ఒక టూల్ గురించిన రాత అది. ఏజెంట్ అంటే మనం అప్పగించిన పని కోసం కంప్యూటర్‌కు తనే హుకుంలు ఇచ్చే ప్రోగ్రాం. కొన్ని హుకుంలు క్షణంలో పూర్తవుతాయి, కొన్నింటికి గంటలు పడుతుంది. అలాంటివాటిని పరదా వెనక్కి పంపి, ఈలోగా ఏజెంట్ వేరే పని చూసుకోవడానికే ఈ టూల్.

ఇది కొత్త హునర్ ఏమీ కాదు. యూనిక్స్‌లో కమాండ్ చివర ఆంపర్‌సాండ్ గుర్తు పెడితే చాలు, అది వెనక నడుస్తుంది. ‘నోహప్’ అనే కమాండ్ పేరైతే టెలిఫోన్ లైన్ల జమానాది. లైను తెగినా పని ఆగొద్దని దాని అర్థం.

భాంజా రాతలో పని మొదలుపెట్టడం గురించి రెండు పేజీలున్నాయి. ఆపడం గురించి ఒక్క వాక్యం. “ఎందుకు బేటా ఇలా?” అంటే అసలు సంగతి చెప్పాడు. ఒక దుకాణం గ్రాహకులకు మెసేజ్‌లు పంపే పనిని ఏజెంట్ వెనక్కి పంపింది. అది ఇంకా నడుస్తోందో లేదో తెలుసుకునే దారి ఎక్కడా రాసి లేదు. జవాబు రాలేదని ఏజెంట్ మళ్లీ మొదలుపెట్టింది. అందరికీ రెండేసి మెసేజ్‌లు వెళ్లాయి. దుకాణదారు మాటపడ్డాడు.

మనిషికి సగమే రాసిచ్చినా పక్కవాణ్ని అడిగి తెలుసుకుంటాడు. ఏజెంట్‌కు చాలాసార్లు ఆ రాతే ఉస్తాద్. రాయనిదాన్ని అది అందాజా వేస్తుంది. కాబట్టి దస్తావేజు టూల్‌కు అలంకారం కాదు, టూల్‌లో భాగం. నా రాయి ఇదే.

మరి ఏం రాయాలి? పనికి ఇచ్చే నంబరు ఏమిటో, దాంతో హాల్ ఎలా అడగాలో రాయాలి. రోజ్‌నామచా, అంటే లాగ్, ఎక్కడ చేరుతుందో రాయాలి. పని ముగిశాక వచ్చే అంకె సున్నా అయితే కామ్‌యాబ్, వేరే ఏదైనా అయితే నాకామ్ అని రివాజు. ఖామోషీని మాత్రం కామ్‌యాబీగా లెక్కపెట్టొద్దని విడిగా చెప్పాలి. ఆపే తరీకా కూడా చెప్పాలి. మామూలు ‘కిల్’ కమాండ్ 15వ నంబరు సిగ్నల్ పంపుతుంది, ప్రోగ్రాంకు సర్దుకునే మోహలత్ ఉంటుంది. 9వ నంబరు ఆ మోహలత్ ఇవ్వదు. చివరగా, ఏజెంట్ వెళ్లిపోయాక వెనక పని ఆగుతుందా, లావారిస్‌గా నడుస్తూనే ఉంటుందా?

“కోడ్ రోజూ మారుతుంది మామూ, రాత పాతబడిపోతుంది” అన్నాడు భాంజా. నిజమే. పాతబడిన రాత లేని రాతకంటే ప్రమాదం. అందుకే కోడ్ మార్చినవాడే అదే రోజు రాతనూ మార్చాలి. మా పత్రికలో తప్పు పడితే సవరణ వేయమా?

యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వచ్చింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల పని అది. దాని పేజీల్లో ‘బగ్స్’ అని ఒక ఖానా పెట్టి, తమ ప్రోగ్రాంల ఐబ్‌లు తామే రాసుకున్నారు. ఆ ఈమాన్‌దారీ వల్ల వాళ్ల ఇజ్జత్ తగ్గలేదు.

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామందే ఉన్నారు. జీతమెంత అని అడుగుతాం కదా, ఈసారి ఇంకో సవాల్ వేయండి. నువ్వు మొదలుపెట్టిన పనిని నువ్వు నిద్రపోయాక ఎవరు ఆపాలి బేటా? అది ఎక్కడైనా రాసిపెట్టావా?