సన్నాయికో స్పీకరు... తంబురాకో స్పీకరు!

గన్నవరం చుట్టుపక్కల ఏ ఊళ్లో శ్రీరామనవమి పందిరి వేసినా కొబ్బరాకుల కంటే ముందు పైకెక్కేవి మైకుసెట్టు గొట్టాలే. ఇంట్లో లక్షలు పోసి స్పీకర్లు పెట్టుకున్నవాళ్లకు వాటిని చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ గొట్టంలోంచి సన్నాయి మోగితే రెండు వీధుల అవతలికీ సూటిగా వినిపిస్తుంది. అదే సన్నాయిని ఇంట్లో ఖరీదైన బుల్లిపెట్టెలో వింటే ఏదో తగ్గినట్టుంటుంది. తప్పు పెట్టెది కాదు, జోడీ కుదరలేదంతే!

మన చెవి రెండు నుంచి అయిదు వేల హెర్ట్జ్‌ల మధ్య శబ్దాన్ని ఇట్టే పట్టేస్తుంది. గొట్టం గట్టిగా పలికించేదీ ఆ దరిదాపుల్లోని శబ్దాన్నే. పైగా గొట్టం ఉంటే తక్కువ కరెంటుతోనే ఎక్కువ మోత వస్తుంది. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940ల్లో ఈ కిటుకునే ఇంట్లోకి తెచ్చాడు. గది మూలనే గొట్టానికి కొనసాగింపుగా వాడుకున్నాడు. డోలు, సన్నాయి, డప్పు ఇష్టపడేవాళ్లకు ఇలాంటి స్పీకర్లు బాగా నప్పుతాయి.

మరి కచేరీ సంగీతం? అదో వేరే లోకం. 1948లో మొదలైన విజయవాడ రేడియో స్టేషన్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పనిచేశారు. ఆయన గొంతు వెనక తంబురా ఉందా లేదా అన్నంత మెత్తగా మోగుతుంటుంది. తంబురా తీగ కింద చిన్న దారం పెట్టి సవరిస్తారు. దాంతో ఒక్క మీటుకే బోలెడన్ని అనుస్వరాలు పుడతాయి. అవి చెదరకుండా వినిపించాలంటే తేలికపాటి స్పీకరు కావాలి. ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ 1957లో తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లో అట్ట శంకువు ఉండదు, పల్చటి ప్లాస్టిక్ పొర కదులుతుంది. గాత్రం, వయొలిన్ అందులో వినాల్సిందే. డప్పు మాత్రం వేయకండి. హోరుకూ, బాగా కింది శబ్దాలకూ అది చాలదు.

మృదంగం ఇంకో పరీక్ష. విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1920లోనే దీని నాదం గుట్టు విప్పారు. దాని ఎడమవైపు గుమ్కీ బుల్లిపెట్టెల్లో సగమే వినిపిస్తుంది. మిగతా సగాన్ని మన మెదడే పూరించుకుంటుంది. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్లో కూడా మగగొంతు మగగొంతులాగే వినిపించడానికి కారణం ఈ మాయే.

అసలు ఇబ్బంది ఘంటసాల అభిమానులది. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి, జీవితమంతా విన్న పాటల్ని ఇక గొప్పగా విందామని పెద్ద స్పీకర్లు కొంటారు. తీరా వేస్తే పాట కంటే ముందు పాత రికార్డు బుస వినిపిస్తుంది! నాలుగు రోజులు చూసి మళ్లీ పాత టేప్‌రికార్డరు దగ్గరికే చేరతారు. ఆ పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులే. వాటి ప్రాణం గొంతులో ఉంది. బీబీసీ 1970ల్లో తన ప్రసార వ్యాన్లలో గొంతుల్ని సరిచూసుకోవడానికి ఎల్ఎస్3/5ఎ అనే చిన్నపెట్టెను చేయించుకుంది. ఆ తరహా స్పీకర్లు వీళ్లకు హాయి.

ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు కోసం ప్రాణం పెట్టేవాళ్లకైతే పెద్దపెట్టె తప్పదు. దానికి గది కూడా కలిసిరావాలి. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. గాలిలో ఆ అల పొడవు దాదాపు 27 అడుగులు. మన పడగ్గదులేమో పన్నెండుకు పన్నెండు, కింద గ్రానైటు, పైన శ్లాబు! నాలుగు గోడలూ సమానమైతే 47 హెర్ట్జ్ దగ్గర గది గుంయ్‌మని మోగి ఒక్క స్వరమే ఉబ్బిపోతుంది. కర్టెన్లు కట్టినా, తివాచీ పరిచినా కీచుదనమే తగ్గుతుంది, ఆ గుంయ్ తగ్గదు. స్పీకర్లను మూలల్లోంచి రెండడుగులు ఇవతలికి జరిపితే మాత్రం కొంతవరకు దారికొస్తుంది. ఖర్చు సున్నా.

కొనేముందు మీరు రోజూ వినే పాటలు నాలుగు పట్టుకెళ్లండి. అవే వేయించుకుని వినండి. కొట్లో వేసే డెమో డిస్కుల్లో అద్దాలు పగులుతాయి, పులులు గాండ్రిస్తాయి, విమానాలు నెత్తిమీంచి దూసుకెళ్తాయి. విమానాల మోత కోసం గన్నవరం వాళ్లు స్పీకర్లు కొనాలా?